మెత్తనివి మాత్రమే

మధ్యాహ్నం మూడు గంటలు. వంటింటి బల్ల దగ్గర తమ్ముడు. డయాలిసిస్ చేయించుకుని ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చిన అక్క.

"కూర్చో అక్కా. ఆ సంచి ఇలా ఇవ్వు."

"ఉండనీ, నా దగ్గరే ఉండనీ. నువ్వేమిటి, పనికి పోలేదా?"

"పోయాను. వచ్చేశాను. బాగుచేసిన లిఫ్టులో ఐదుగురితో పాటు నేనూ ఎక్కాను. బరువెక్కువైందని గంట కొట్టింది."

"ఆ ఐదుగురిలో ఎవడో లావుగా ఉండి ఉంటాడులే."

"నేను దిగితేనే ఆగింది. వచ్చే దారిలో మందుల షాపులో తూచుకున్నాను."

"ఎవరు తూచుకోమన్నారు? రేపు ఎటూ ఆస్పత్రిలో తూస్తారుగా."

"నూట నాలుగు."

"పోయినసారి?"

"నూట ఒకటి. తొంభైకి దిగితేనే నా కిడ్నీ తీస్తామన్నారు. రేపు కూడా పెరిగి కనిపిస్తే నా పేరు కొట్టేస్తారట. నీకు సరిపోయింది నా కిడ్నీ ఒక్కటే. నా పేరు కొట్టేస్తే నీకింకెవరున్నారక్కా?"

"కాసిని నీళ్లు పొయ్యి. చిన్న గ్లాసులో."

"పొద్దుట్నుంచి ఎన్నయ్యాయి?"

"నా లెక్క నాకుంది. పొయ్యరా."

"చూశావా. నువ్వు గుక్కెడు నీళ్లు కూడా కొలుచుకుని తాగుతున్నావు. నేనేమో తిండి తగ్గాలని ఆపరేషన్‌తో కడుపుకి పట్టీ వేయించుకుని కూడా..."

"ఆ పట్టీ పనిచెయ్యడం లేదేమో."

"ఎందుకు చెయ్యదు? మెదిపిన గుడ్డు నాలుగు చెంచాలు తింటే చాలు, ఇదిగో, ఇక్కడ పట్టేస్తుంది. ఆ రోజు చేపముక్క సంగతి నీకు తెలుసుగా."

"తెలుసు. గోడకి ఇవతల నా గదిలో కూర్చుని విన్నాను. నలభై నిమిషాలు కక్కావు."

"ఆ కార్డు చూడు, ఫ్రిజ్ మీదే అంటించాను. రెండు వారాలు పల్చనివి. ఆ తర్వాత మెత్తనివి మాత్రమే. మెత్తనివంటే..."

"ఉడికించి మెదిపిన పప్పు, గుమ్మడికాయ, పెరుగు. నాకూ కంఠతా వచ్చేసింది."

"ఐస్‌క్రీమ్ కూడా మెత్తగానే ఉంటుందక్కా."

"ఐస్‌క్రీమా?"

"అలా చూడకు. పప్పు గొంతు దిగాక కూర్చుంటుంది. ఇది కూర్చోదు, జారిపోతుంది. పట్టీ ఉన్నట్టే తెలీదు. మొదట ఒక్క చెంచా అనుకున్నాను. కార్డులో వద్దని రాయలేదుగా అనుకున్నాను. ఇప్పుడు రెండ్రోజులకో పెద్ద డబ్బా. నిలబడే తినేస్తున్నాను, ఫ్రిజ్ తలుపు కూడా వెయ్యకుండా."

"ఏడవకు. చిన్నప్పుడూ ఇంతే నువ్వు, తిట్టకముందే ఏడ్చేవాడివి."

"అయితే తిట్టు. ఎందుకు తిట్టవు? చెంచాతో తోడుకుని నీ ప్రాణం తింటున్నాను నేను."

"ఊరుకోరా."

"నిన్న నీ మరదలి మీద అరిచాను. పిల్లలకని వంక పెట్టి తెస్తున్నావు, నేను చెడిపోవాలనా అని. తేలేదని పిల్లల మీద ఒట్టేసింది. నేను కొనలేదు, తను కొనలేదు. మరి ఎలా వస్తోంది? ఖాళీ డబ్బా పారేస్తానా, రెండో రోజుకల్లా కొత్తది ఉంటోంది."

"దాని మీద ఎందుకు అరిచావు. పాపం."

"మరెవరి మీద అరవను?"

"నర్సు నీ కట్టు మారుస్తుంటే చూశాను. ఐదు చోట్ల కోశారు, నా మూలంగా. మళ్లీ కోస్తారు, ఈసారి ఇంకా పెద్దది. నీ చిన్నదానికి ఇంకా మూడేళ్లు నిండలేదు. నిన్ను మళ్లీ ఆ బల్ల మీద చూడలేనురా."

"అదంతా నేను చూసుకుంటాను. నువ్వు లేకపోతే నాకెవరున్నారు? అమ్మ పోయాక ముద్దలు కలిపి పెట్టింది నువ్వేగా."

"పెట్టాను. ఇప్పటికీ నేనే పెడుతున్నాను."

"అంటే?"

"సాయంత్రం నా మరదలికి తప్పయిందని చెప్పు. ఆ సంచి తియ్యి. ఆస్పత్రి గేటు పక్క కొట్లో కొన్నాను, కరిగిపోతోంది. చెంచా తెచ్చుకో."