గుమ్మం బయట ఆదాము

తాగి కొట్టాడని ఆమె మొగుణ్ణి ఇంట్లోంచి గెంటేసి నెలయింది. ఈ ఉదయం అతడు సముద్రంలో బాప్తిస్మం తీసుకుని, తిన్నగా వచ్చి తలుపు తట్టాడు. ఆమె గడియ తియ్యలేదు.

"తియ్యే. పాత మనిషి నీళ్లలో పోనాడు. నాను కొత్తోణ్ణి."

"కొత్తోడివైతే నా ఇల్లెలాగ తెలిసినాది?"

"ఎటకారమేటే! దేవుడు తన పోలికలో మనిషిని సేసి, సేపల్ని ఏలమన్నాడంట. పాపంతో ఆ పోలిక సెడిపోనాది. యేసుప్రభువు మళ్లీ బాగుసేస్తాడంట."

"వలేసి ఎన్నాళ్లయినాది మావా? సేపల్నొగ్గేసి నన్ను ఏలినావు, తన్ని మరీ."

"తప్పయిపోనాదే."

"పాస్టరుగారి మైకు నాకూ వినిపించినాది. పండెందుకు తిన్నావని దేవుడడిగితే ఆదాము ఏటన్నాడు?"

"పెళ్లామే పెట్టిందన్నాడు."

"మరి నువ్వెందుకు తాగినావు?"

"నీ నోరు పడలేక..."

అక్కడ ఆగిపోయాడు. ఆమె గడియ మీద చెయ్యి వేసి వింటోంది.

"నానే తాగినాను. ఎవులూ పొయ్యలేదు."

ఆమె తలుపు జానెడు తీసి, చాప బయటికి విసిరింది.

"అరుగు మీద తొంగో. నీ దేవుడు పని మొదలెట్టినాడు గానీ, ఇంకా శానా ఉన్నాది."