తలకిందులైన ఆఖరి రీలు

ఏం చూస్తున్నావే ఫోనులో, ముక్కు ఎగబీలుస్తూ? ఉండు, చెప్పకు. ఆ కుట్టుమిషను చప్పుడు నాకు తెలుసు. మొగుడు పోయిన తల్లి, రెక్కలు ముక్కలు చేసుకుని కొడుకుల్ని చదివిస్తే పెద్దాడు నలుగురిలో ఆవిణ్ణి పనిమనిషంటాడు, అదేగా? మా హాల్లో వంద రోజులాడింది. నేను ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపేదాన్ని. ఏ ఏడుపుకి ఏ సీనో బయట్నించే చెప్పేదాన్ని. కానీ ఆ బొమ్మంటే నాకు అందులో తల్లి గుర్తురాదు, మా రీళ్ళక్క గుర్తొస్తుంది. ఎవరంటావేంటే, హాల్లో బొమ్మ మిషను నడిపే మా ఆపరేటరు పెళ్ళాం! ఆయనకి మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేది. ఆయన తింటుంటే ఈవిడ రీళ్ళు చుట్టేది. ఆట అయ్యాక ప్రతి రీలునీ చేత్తో వెనక్కి చుట్టిపెట్టాలి, లేకపోతే మర్నాడు తోక ముందుకొస్తుంది. తెగితే అతికించేది. ఆయనకి దగ్గు తెర పట్టుకుంటే మిషనూ తనే నడిపేది. పదేళ్ళు చేసింది. జీతమా? బలేదానివే, మొగుడి పనికి పెళ్ళానికి జీతమేంటి!

ఆ దగ్గుతోనే ఆయన పోయాడు. ఇద్దరు పిల్లలు. రీళ్ళక్క వెళ్ళి ఓనరుగారిని ఆ ఉద్యోగమే అడిగింది. "ఆడదానివి, ఆ నిప్పుల మిషనుతో నీకెందుకమ్మా? నాకూ మనసుంది, నిన్ను రోడ్డున పడేస్తానా?" అని చేతిలో చీపురు పెట్టాడు మహానుభావుడు. కాబిన్లోకి వాళ్ళ బామ్మర్దిని ఎక్కించాడు. వాడికి బాగా వచ్చిన పని మీసం దువ్వుకోవడం. సరిగ్గా అప్పుడే ఈ బొమ్మొచ్చింది. ఓనరుగారు రోజూ బాల్కనీలో కూచుని కర్చీఫు పిండుకునేవాడు. ఆయన లేచాక ఆ కుర్చీ కింద ఊడ్చేది ఎవరనుకున్నావ్? తెర మీద తల్లికి కర్చీఫు, తెర కింద తల్లికి చీపురు.

ఏం చెబుతున్నానూ... ఆఁ, ఆదివారం మాట్నీ. హాలంతా కిటకిట. ముందురోజు ఇంటికెళ్ళే తొందరలో ఆ బామ్మర్ది ఆఖరి రీలు చుట్టకుండానే డబ్బాలో పడేశాడు. అదే తీసి ఎక్కించాడు. ఒక్కసారి హాలు గొల్లుమంది. ఏడవాల్సిన చోట నవ్వేంటా అని గేటు తెర తప్పించి చూద్దును కదా, శుభం తలకిందులు! తల్లి తలకిందులు! చచ్చిపోయినావిడ మంచం మీద లేచి కూచుంది, కొడుకు కన్నీళ్ళు కళ్ళల్లోకి ఎక్కిపోతున్నాయి. మగాళ్ళు కుర్చీలు బాదేస్తున్నారు. రీళ్ళక్క చీపురు నా చేతిలో పెట్టి ఇనప మెట్లెక్కేసింది. బామ్మర్ది గింజుకుంటూ బయటపడ్డాడు, లోపల గడియ పడింది.

ఓనరు తలుపు బాదాడు. "ఏయ్, తియ్! పోలీసుల్ని పిలుస్తా!" లోపల్నించి రీళ్ళక్క, "బొమ్మయ్యాక తీస్తానండీ. ఈలోగా చీపురు ఖాళీగానే ఉంది, మీ బామ్మర్దిగారికివ్వండి" అంది. నేనూ తక్కువదాన్నా, వాడికి ఇవ్వబోయాను కూడా! ఈలోగా ఆడవాళ్ళంతా మెట్ల కిందికొచ్చేశారు. ఒకావిడ చంకలో పిల్లాణ్ణి సర్దుకుంటూ, "ఏమయ్యా, బొమ్మలో తల్లికైతే ఏడుస్తావు, ఈ తల్లికి తలుపు బాదుతావా?" అంది. ఇంతలో తెర వెలిగింది. తల్లి తిన్నగా, మాట స్పష్టంగా, గీత కూడా లేదు. చప్పట్లు చూడాలి! ఆఖరికి రీళ్ళక్క తలుపు తీసి గుమ్మంలోనే నిలబడింది. "రేపు ఎన్నింటికి రావాలండీ?" అంది. ఊడవడానికా, నడపడానికా అని అడగలేదు. మెట్ల కింద మేం కదల్లేదు. "పదింటికి రా. నీ మొగుడి జీతమే" అన్నాడు, చెప్పులు చూసుకుంటూ.

ఇరవై రెండేళ్ళు నడిపింది. ఆ కాబిన్లోంచే పిల్లల్నిద్దర్నీ గట్టెక్కించింది. ఈ బొమ్మ మళ్ళీ మళ్ళీ వచ్చింది, ఆఖరి రీలు మటుకు ఎప్పుడూ కిటికీలోంచి చూసేది కాదు. "కష్టపడ్డ మనిషిని చంపితేనేగానీ వీళ్ళకి ఏడుపు రాదే. నాకు చచ్చే తీరికెక్కడిది, ఆరింటికి ఆటుంది" అనేది. పోయేదాకా అదే మాట.

సరే, ఏడ్చింది చాల్లే. ఇలా పట్టు ఫోను. వెనక్కి జరపొచ్చా దీన్ని? వేలితోనా? జరుపు. ఇంకాస్త... ఆఁ, అదుగో, లేచి కూచుంది. ఆపు. అక్కడే ఉంచు.