హెడ్లీ గారి గడ్డి, నలుగురు మేనేజర్లు

1983 ఆగస్టు ఎనిమిదో తేదీ సోమవారం నాడు హార్డెన్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో మైదాన సంరక్షకులుగా చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శ్రీ హెడ్లీ ఆష్‌వర్త్ గారి కోసం మన క్లబ్బు పత్రిక ఈ సంచికలో రెండు పుటలు ఇస్తానన్న చైర్మన్ డెరెక్ పిల్లింగ్ గారు, అందులో ఒకటి వెనక్కి తీసుకుని కొత్త మేనేజర్ ఫొటో వేయించారు. ఈ సీజన్లో ఆయన నాలుగో మేనేజర్. సంచిక మీ చేతికి అందేసరికి ఆయన ఉంటారో లేదో నేను చెప్పలేను.

ఆష్‌వర్త్ గారు చేరిన కొత్తలో గోలు ముందర వాన నీళ్లు నిలిచేవి. మూడు వేసవులు స్వయంగా తవ్వి, గొట్టాలు పరిచి, ఇసుక నింపి, వానకు ఆట ఆగడమన్నదే లేకుండా చేశారు. పదహారో ఏట బడి మానేసి వచ్చిన నాకు మోకాళ్ల మీద కూర్చుని కలుపు తీయడం నేర్పిందీ, "నా తర్వాత నువ్వే చూసుకోవాల్రా" అని ఇరవై తొమ్మిదేళ్లుగా చెబుతూ వచ్చిందీ ఆయనే.

ఇక ఈ సీజను. బంతి నేల మీద జారుతూ పోవాలని ఆగస్టు మేనేజరు గడ్డిని ఇరవై మిల్లీమీటర్లకు కోయమన్నారు. అక్టోబరులో వచ్చినాయన బంతిని మూలలకు కొట్టించే రకం. అది గీత దాటిపోకుండా నలభైకి పెంచమన్నారు. జనవరిలో గ్రాంట్ మోసప్ గారొచ్చి మళ్లీ ఇరవై అన్నారు. ఒక ఉదయం స్కేలు పట్టుకుని మైదానంలోకే దిగారు.

"ఏం పెద్దాయనా, ఇరవై అన్నానా లేదా? ఇది ముప్పై ఉందే."

"అన్నావు బాబూ. నీ ముందాయన నలభై అన్నాడు. ఇద్దరికీ మధ్యలో పెట్టా."

"మేనేజర్ని నేనా, నువ్వా?"

"ఇవాళైతే నువ్వే. టీ తాగు ముందు. శనివారం దాకా టైముందిగా."

మోసప్ గారు నవ్వి టీ తాగారు. శనివారం ఆటలో అయిదు గోల్స్ ఇచ్చి ఓడాం. సోమవారం ఆయన వెళ్లిపోయారు. నిజానికి ఆ గడ్డి ఆగస్టు నుంచీ ముప్పై మీదే ఉంది. ఆష్‌వర్త్ గారు ప్రతి మేనేజరు ఎదుటా కోత యంత్రం మీట తిప్పి, ఆయన గేటు దాటగానే మళ్లీ ముప్పైకి తెచ్చేవారు. ఈ ఏడాది క్లబ్బులో మారనిది అదొక్కటే.

మధ్యలో పంపేసిన ముగ్గురికీ ఒప్పందం ప్రకారం మిగతా జీతం ఇవ్వాల్సి వచ్చేసరికి, పిల్లింగ్ గారు జూన్‌లో ఆ గడ్డి పెకలించి, గంటల చొప్పున అద్దెకిచ్చుకోవడానికి ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తున్నారు. "ప్లాస్టిక్‌కి కోసేవాడెందుకయ్యా?" అని నన్నే అడిగారు.

ఆష్‌వర్త్ గారూ, మీరూ మీ శ్రీమతి మార్జొరీ గారూ సంపూర్ణ ఆరోగ్యంతో, మీ పెరటి గడ్డి మీకు నచ్చిన ఎత్తున కోసుకుంటూ, నిండు నూరేళ్లు ఉండాలని కోరుకుంటున్నాను. నిన్న మీరు నా చేతిలో పెట్టిన షెడ్డు తాళంచెవి దాచుకుంటాను. దానితోపాటు మీరు నాకు అప్పగించాలనుకున్న నేల మాత్రం రాకముందే పోయింది: నూట పది గజాల పొడవు, డెబ్బై రెండు గజాల వెడల్పు.