నీళ్లు దిగే మూల

ఏం రాస్తున్నావే చియో, ఊరి చరిత్రా? పైన తేదీ వెయ్యలేదే? ఉసామి ఉంటే ఆ కాగితం నీ మొహానే కొట్టేవాడు. ఆయన పోయి ఇరవై ఏళ్లయిందిలే, అయినా వెయ్యి. పంటల లెక్కల ఆఫీసులో నాకు పైవాడు. బక్క మనిషి, జేబులో ఎప్పుడూ ఎండుచేప ముక్కలు... అదలా ఉంచు. యుద్ధం ఓడిపోయిన మూడో ఏడు. మేం కోసి తూచిన దాన్ని బట్టే ఊరు సర్కారుకి కట్టాల్సిన లెవీ బియ్యం తేల్చేవాళ్లు. ఏ పొలమో చీటీ తియ్యాలి, గట్టు నుంచి ఎన్ని అడుగులో దానికీ చీటీయే. అక్కడ రెండు చాపల జాగా కొయ్యాలి. మన ఊరు, ఈ కమిసావా వంతు నాకొచ్చింది. మా నాన్న చెయ్యి పట్టుకుని, "ఒరేయ్ కిసాబురో, చీటీల సంగతి తర్వాత. నీళ్లు దిగే మూల కొయ్యి" అన్నాడు. కొండనీళ్లు చల్లన కదా, ఆ మూలెప్పుడూ తాలే. మా చెల్లి ముల్లంగాకు గంజితో బతుకుతున్న రోజులమ్మా అవి. కోసేశా.

ఉసామి నా కాగితం చూసి, "కోస్తుంటే ఎవరు చూశారు?" అన్నాడు. అంతే, ఉన్నదున్నట్టు చెప్పేశా. తిట్టలా. తిట్టినా బావుండేది. కొడవలి పట్టుకుని తనే వచ్చాడు. మా నాన్న గట్టు మీద అడ్డంగా కూచుని, "మా నోటికాడ కూడు లాక్కుంటావా?" అంటే, "జరగండి, నాకు నిజం లెక్క కావాలి" అంటాడు. నాన్న నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ అదే మాట. కోసే వెళ్లాడు. ఊళ్లో ఒక్కళ్లూ టీ చుక్క ఇవ్వలా.

తీరా లెవీ తేల్చే మీటింగులో పైఆఫీసువాళ్లు వేరే పట్టిక తీశారు. అందులో మన పంట ఇంకో మూడోవంతు ఎక్కువ. అదే ఖాయమైతే విత్తనాలు కూడా ఊడ్చి కట్టాల్సిందే. ఉసామి లేచి, "ఇది ఏ ఏటిది? ఎవరు కోశారు?" అన్నాడు. తేదీ లేదు, పేరూ లేదు. పాత గుమాస్తాని పిలిపిస్తే, ఏటిగట్టు తెగి పొలాల్లో ఇసుక మేట వెయ్యకముందు నాటిదన్నాడు. "ఇప్పుడు నా కాగితం అడగండి" అన్నాడు ఉసామి. ప్రతి కోతకీ రోజు, చీటీ నంబరు, కోసిందెవరు, చూసిందెవరు. నా తాలు కోత కూడా పారెయ్యలా తల్లీ. గీత కొట్టి పక్కన రాశాడు: "లెక్కలోకి తీసుకోలేదు. చీటీ ప్రకారం కొయ్యలేదని కోసిన కిసాబురోయే చెప్పాడు, అక్టోబరు మూడు." అందరి ముందూ చదివారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ అది విన్నాకే ఆ పెద్దాఫీసరు తన పట్టిక మడిచేసి, "ఈ లెక్కే ఉంచండి" అన్నాడు. ఆ చలికాలం మా చెల్లి అన్నం తింది. మా నాన్న ముల్లంగి ఊరగాయ పట్టుకెళ్లి, ఉసామి గుమ్మంలో పెట్టి వచ్చేశాడు.

నా పేరు కొట్టెయ్యమని తర్వాత ఎంత బతిమాలానో. "అది ఉండబట్టే మిగతాది నమ్మారయ్యా" అన్నాడు, కొట్టెయ్యలా. ఏంటీ, నువ్వు ఇది రాయాలా వద్దా అనా? రాయి. "తాతయ్య చెప్పాడు" అని కాదు, కిసాబురో అని నా పేరు పెట్టి రాయి. తేదీ ఇరవై మూడు... ఆగు, ఇరవై నాలుగా? ఊరికే వెయ్యకే. లేచి కేలండర్ చూసిరా.