ఎమ్మెల్యే చేతిలో లేని మాట

“పెద్దవ్వా, కొత్త ఎమ్మెల్యే సోలారు అద్దాలు పీకిస్తానన్నప్పుడు పెద్దతాత నెత్తిన మట్టి పెట్టుకొని గేటుకాడికి పోయినాడంట గదా, అది చెప్పు.”

ఎవరు చెప్పినారే నీకు? మీ అవ్వేనా? దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఆ ఫోను రవంత దూరం పెట్టు పాపా, మూతికాడ పెడితే నాకు మాట రాదు. ఆ, సరే.

నేనూ మీ అవ్వా సొంత అక్కచెల్లెండ్లం గదా, అన్నదమ్ములకే ఇచ్చినారు మమ్మల్ని, ఒకే పందిట్లో. చీరలు గూడ ఒక తానులోవే. ఒక్కోటి ఇరవై రూపాయలు... కాదు కాదు, పద్దెనిమిది. మా నాయన పావగడ అంగట్లో రెండు రూపాయలు తగ్గించినాకనే లేచినాడు. ఏం చెప్తాంటి? ఆ, గెనిమ. భాగాలు పంచుకున్నాక రెండు చేన్ల మధ్య గెనిమ పడె. దున్నేటప్పుడు ఈయన రవంత చెక్కె, ఆయన రవంత చెక్కె. ఎంతనుకుంటివి? జానెడు. ఆ జానెడు గట్టుకు రెండిండ్లకూ మాటలు లేకుండా పాయె. బోరింగుకాడ ఎదురుపడితే మీ అవ్వ బిందె చూసుకుంటా పోయేది, నేను కాళ్ళు చూసుకుంటా వచ్చేదాన్ని. మా అమ్మ పోయిన దినం గూడ చెరో మూల కూచొని ఏడ్చినాం పాపా.

అప్పుడు సోలారొచ్చె. చేన్లు బాడుగకిచ్చిరి. డోజర్లు గెనిమలన్నీ చదును చేసె, అద్దాలు నాటిరి. నేనూ ఏడ్చినా, అబద్ధమెందుకు, శెనక్కాయ పండిన నేల గదా. కానీ చూడు, నెల తిరక్కముందే మీ తాత మా వాకిట్లోకొచ్చి, “వదినా, రవంత మజ్జిగియ్యి” అనె. కొట్లాడేదానికి గెనిమ యాడుండాది ఇంక? ఆ మాపు నేనూ మీ అవ్వా ఒకే తట్టలో సంగటి తిన్నాం.

బాగుంటిమి. ఇంతలో ఎలక్షన్లొచ్చె, ఈ కొత్తాయన నిలబడె. అబ్బా, ఏం నోరప్పా ఆయప్పది! రాయచెర్లులో జీపెక్కి, “ఈ అద్దాలు యాడివి? మనతో సరిహద్దుకాడ కొట్లాడే దేశానివి! నన్ను గెలిపించండి, ఆ దేశంతో యాపారం బంద్ చేయిస్తా. అద్దాలన్నీ పీకించి వాళ్ళ మొహానే కొడతా. ఎవరి చేను వాళ్ళకిప్పిస్తా!” అనె. ఒకటే ఈలలు. గెలిచె గూడ.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని, మనోళ్ళు అప్పుడే మొదలుపెట్టిరి. చేనొస్తే గెనిమ యాడేయల్ల? వేపచెట్టుకు ఇవతలంటాడు మీ తాత, అవతలంటాడు మా ఆయన. ఆ చెట్టెప్పుడో కొట్టేసినారు! లేని చెట్టుకు ఇవతలా అవతలా అని ఇద్దరూ అరుగు మీద గొంతులు చించుకున్నారు.

మన పక్క గెనిమ తగాదా తెగకపోతే, తలకు నీళ్ళు పోసుకొని, తడిపంచతో, మట్టిపెల్ల నెత్తిన పెట్టుకొని నడవల్ల. నడిచిందే గెనిమ. అబద్ధం నడిస్తే ఇల్లు ఆరిపోతాదని భయం. మా ఆయన అట్లే తయారై పాయె, ఎనకాలే నేనూ పోతి. గేటుకాడ సెక్యూరిటీ పిల్లోడు, “తాతా, హెల్మెట్ లేకుండా లోపలికి వదలం” అనె. నెత్తిన మట్టిపెల్ల ఉండాది గదా, హెల్మెట్ యాడ పెడతాడు? మట్టి మీదనా, మట్టి కిందనా? ఈయన రోషమేమో ఆకాశంలో. గంటసేపు ఆ ఎండలో నిలబడి, మట్టంతా మొహం మీద కారి, అట్లే ఇంటికొచ్చె. ఇప్పుడు నవ్వొస్తాది గానీ, ఆ దినం నాకు నవ్వు రాలేదు. మీ అవ్వ ఆ గేటుకాడికే నా ఎదురుగా వచ్చి, “మట్టి నెత్తినెత్తుకున్నాక ఇంకేముండాది? మా గడప తొక్కొద్దు” అని పాయె. అక్కా అని గూడ అనలే. నాకు ఇంకా ఎన్నేండ్లుండాయి పాపా? మళ్ళీ అట్లే కాళ్ళు చూసుకుంటా నడుస్తా చావల్లనా అని రెండు నెలలు కూడు సయించలే.

ఆ ఎమ్మెల్యే స్కూలు గదులకు పూజ చేసేదానికి వచ్చె. అందరూ సిగ్గుపడతాంటే నేనే లేచి, “నాయనా, అద్దాలు పీకేదెప్పుడు?” అంటి. ఆయప్ప తల గోక్కొనె. “అవ్వా, పరదేశంతో సావాసమా, పగా, యాపారమా, అదంతా దిల్లీ వాళ్ళది. మన బెంగళూరు సర్కారుకే దాంట్లో మాట లేదు, ఇంక నాదేముండాది? జాబు రాసినా. నీ జాబు అందిందని జవాబొచ్చె, అంతే” అనె. జనం ఉసూరుమనిరి. నేను రెండు చేతులూ ఎత్తి మొక్కినా: “సల్లగా ఉండు నాయనా, నీ చేతిలో ఏమీ లేకపాయె!” ఎగతాళి చేస్తాండానేమో అని మొహం మాడ్చుకొనె పాపం. ఎగతాళి కాదు, నా ఎద మీది బండ దిగిపాయె.

పూజ ప్రసాదం గూడ తీసుకోలే. నేరుగా మీ ఇంటికొచ్చినా. మీ అవ్వ రాగులు చెరుగుతాండె, తల ఎత్తలే. గడప బయటే నిలబడి, “పీకరంటనే. ఆయప్పతో కాదంట” అంటి. చాట ఆగె. కొంగుతో మొహం తుడుచుకొని, “బయటే నిలబడితివేంది అక్కా, రా” అనె.

రెండు నెలలకు వింటి పాపా ఆ మాట. ఇంక ఎవరు ఏ దేశంతో కొట్లాడుకుంటే నాకేంది... నువ్వూ నీ చెల్లెలూ ఏ ఇండ్లకు పోయినా కొట్లాడుకోండి, జుట్లు పట్టుకోండి, మాట మాత్రం మానొద్దండి తల్లీ. నూరేండ్లు సల్లగా...