మేస్త్రీ చేతిలో తీగ

హైతీలో తెల్లదొరల్ని తరిమేసిన మరుసటేడు. చెరకుతోటలో కర్రపెండలం చెక్కు తీస్తున్న ముసలామె ముందుకు దొరకోటు తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు కొత్త మేస్త్రీ. ఒకప్పుడు ఇద్దరూ ఒకే దొర బానిసలు.

"లే అవ్వా! శంఖం ఊదారు, వినపడలేదా? చెరకు కొట్టాలి."

"వినపడింది. తిరగబడండని ఊదిన శంఖంతోనే ఇప్పుడు పనికి పిలుస్తున్నారా? సిగ్గులేదూ!"

"మనమిప్పుడు బానిసలం కాదవ్వా. ఇది దేశం కోసం పని. కొరడా కూడా వాడకూడదన్నారు."

"మరి నీ చేతిలో అదేంట్రా?"

"ఇదా? అడవితీగ. పనికి రానివాళ్ల కోసం."

"ఓహో, తీగా! దొర నిన్ను రెండిటితోనూ బాదాడు. పసరు పూసింది నేనే. ఆ దొరకోటు విప్పి, నీ వీపు మీద ఏ వాత కొరడాదో, ఏది తీగదో తడిమి చెప్పు. అప్పుడు లేచొస్తా."