మైలుతుత్తానికి చావని పురుగు

ఇలా రా తల్లీ, ఏడవకు, దగ్గరికి జరిగి కూర్చో. లైబ్రరీ కార్డు తిరిగిచ్చేస్తుందట! ఎందుకమ్మా అంటే, క్లాసులో 'పుస్తకాల పురుగు' అన్నారట! ఓస్, ఇంతేనా?

అసలు ఆ మాట ఎక్కణ్ణుంచొచ్చిందో తెలుసా? జీవితమంతా పుస్తకాలు కుట్టి అట్టలేసినవాణ్ణి, నన్నడుగు. నిజం పురుగుకి అక్షరాలతో పనేంటి? అది వచ్చేది అట్ట కింది మైదా జిగురు కోసం. ఈ అట్ట దగ్గర దూరిందంటే ఆ అట్ట దాకా తొలుస్తూనే ఉంటుంది. ఆ పట్టుదల చూసే మనుషులకీ ఆ పేరు పెట్టుంటారు. అది చావాలనే మేం జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్లం.

లోపల కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని కూర్చుందే, మీ నానమ్మ, ఆవిడా మా షాపులోనే కుట్టేది. అప్పటికి మా పెళ్లి కాలేదులే. సూది గాల్లో, కళ్లు పేజీలో! "జిగురులో ఇంకో గుప్పెడు తుత్తం వెయ్యండర్రా, మన పురుగు చావట్లేదు!" షాపులో అందరిదీ రోజూ ఇదే గోల.

పాపం, విసిగిపోయి చదవడం మానేసింది. తల వంచుకుని కుట్టడమే.

సరిగ్గా ఆ వారమే రెండు పుస్తకాలొచ్చాయి. ఒకటి నర్సమ్మలకి, పసిపిల్లల మందుల గురించి. రెండోది పశువుల డాక్టర్లకి. ఒకే సైజు, ఒకే అచ్చు. మేం చదువుతామా ఏమన్నానా? పదహారేసి పేజీలొచ్చేలా మడిచిన కాగితాల్ని మడతలంటాం; వాటిని పేర్చి, వీపు మీద నల్లగుర్తులు మెట్లలా వరసగా ఉన్నాయో లేదో చూస్తాం, అంతే. గుర్తులు బ్రహ్మాండంగా కుదిరాయి. ఐదో మడత మాత్రం దీనిది దాన్లో, దానిది దీన్లో పడింది!

బండికెత్తే పూట, ఉండబట్టలేక ఆవిడ ఒకటి తెరిచింది. ఒక పేజీ చివర "బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని" అనుంది. పక్క పేజీ మొదట్లో, "కొమ్ములు గట్టిగా పట్టుకుని, అర సీసా మందు గొంతులో పోయవలెను"!

నవ్వుతావేం? కొమ్ములున్నాయి కాబట్టి సరిపోయింది. ఆ కింద ఉత్త మోతాదులే. అది పశువుకో పసివాడికో కంగారులో ఉన్న నర్సమ్మకేం తెలుస్తుంది? దేవుడు చల్లగా చూశాడు.

"ఎక్కించండెహె!" అని ఓనరు అరుస్తున్నాడు. ఆవిడ బండికి అడ్డంగా నిలబడి ఆ పేజీ పైకి చదివింది. ఒక్కడు నవ్వితే ఒట్టు! మూడొందల పుస్తకాలూ దారాలు తెంపి మళ్లీ కుట్టాం.

ఏంటీ, కార్డు సంచీలో పెట్టేసుకున్నావా? శభాష్.

ఇంకో మాట. మెల్లిగా, లోపలికి వినపడుద్ది. ఆవిడకి ఆ పేరు పెట్టిందెవరనుకున్నావ్? నేనే. ఆ ఐదో మడతలు తారుమారు చేసిన చేతులూ ఇవే. ఇన్నేళ్లు కాపురం చేశాను గానీ, చెప్పడానికి నోరు రాలేదు. ఏం చేస్తాం, పిరికివాణ్ణి.

నన్ను మర్చిపోయినా ఫర్వాలేదు. ఎగతాళి చేసినవాళ్ల మధ్యే నిలబడి ఆవిడ గొంతెత్తి చదివింది చూడూ, అది గుర్తుపెట్టుకో. నీలా ఏడుస్తూ ఎవరైనా కనిపిస్తే, కూర్చోబెట్టి చెప్పు.